మూడో చోటు

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిందని ఎవరో అమాయకురాలి గురించి మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మా సంస్థ తీరు దానికి పూర్తిగా తిరగేసినది. బిడ్డ ఊళ్ళో ఏ వీధిలో ఆడుకుంటున్నా సరే, మేము చంకలోనే వెతుకుతాం. చంకలో కనబడకపోతే బిడ్డ లేదని రాసి, సంతకం చేసి, ముద్ర కొడతాం. నేనేమీ ఎగతాళి చేయడం లేదు. మా పనివిధానం అది.

మా సంస్థ పేరు నదీ ప్రమాద హెచ్చరికల సంస్థ. బ్యారేజీ గేట్లెత్తి నీళ్ళు వదిలే ముందు దిగువన ఉన్నవాళ్ళకు వినబడేలా సైరన్ మోగించడం మా బాధ్యత. అందుకని మేము నది ఒడ్డున ఉంటామనుకునేరు. మేము రాజధానిలో నాలుగంతస్తుల మేడలో ఉంటాం. నదికీ మాకూ మధ్య ఒక పూట బస్సు ప్రయాణం. సైరన్లను మోగించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే విభాగంలో నేనొక ప్రోగ్రామర్‌ని. పేరు ఫణీంద్ర.

సాఫ్ట్‌వేర్ తయారీ కూడా వంటలాంటిదే. పొయ్యి వెలిగించే ముందు ఇంట్లో ఉప్పూ పప్పూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. మాకు ఆ చూసే పని చేసిపెట్టడానికి ఒక మాడ్యూల్ ఉంది. కాగితాల మీద దాని పేరు అన్వేషణ మాడ్యూల్. మేము ముద్దుగా ‘వెతుకుడు’ అంటాం. సైరన్ మోగాలంటే ఆ యంత్రంలో శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ ముందే ఉండాలి. వెతుకుడు వెళ్ళి చూస్తుంది. ఉంటే ‘దొరికింది’ అంటుంది, తయారీ మొదలవుతుంది. లేకపోతే ‘లేదు’ అంటుంది, కథ అక్కడితో సరి. అది యంత్రంలో రెండే రెండు చోట్ల చూస్తుంది. పుట్టిన నాటినుంచీ దానికి అంతే తెలుసు.

చిత్రేరు మీది బ్యారేజీ దగ్గర పాత సైరన్ పెట్టె తుప్పుపట్టిపోతే కొత్తది కొన్నారు. దాన్ని తయారుచేసినవాళ్ళు శబ్దం సాఫ్ట్‌వేర్‌ను ఆ రెండు చోట్లా కాక మూడో చోట పెట్టి, ఎవరూ వేలు పెట్టకుండా పెట్టెకు సీలు వేసి పంపారు. మా వెతుకుడు వెళ్ళింది, తనకు తెలిసిన రెండు చోట్లా బుద్ధిగా చూసింది, ‘లేదు’ అంది. దాంతో చిత్రేటి సైరన్ మూగబోయింది.

ఈ కబురు నాకు చేరవేసింది అంకమ్మ. వేసవిలో చిత్రేరు ఎండి ఇసక తేలితే, ఆ ఇసకలో పుచ్చపాదులు వేసుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. కాయ కోతకొచ్చేదాకా ఏటి మధ్యలోనే గుడిసె, అక్కడే వంట, అక్కడే నిద్ర. ఇసకలో చెలమ తీసి, కుండతో పాదుపాదుకూ నీళ్ళు పోస్తారు. పాత సైరన్ స్తంభం మీద ఫిర్యాదుల కోసమని రాసిన నంబరు నా బల్ల మీది ఫోనుది.

“ఏందయ్యా సైరన్ బాబూ, నీళ్ళొదిలారు గానీ కూత పెట్టలేదేంది?” అంది.

“ఎవరమ్మా మీరు? నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?”

“అంకమ్మని. మోకాటి దాకా వచ్చినయ్. మా అత్తకి కాళ్ళు పడిపోయినయ్. వీపునేసుకుని ఎట్టనో గట్టెక్కిచ్చా. ఇయ్యాలంటే మెలకువతో ఉన్నాం. రేపు నడుం దాకా వత్తే ఏం జెయ్యాల?”

ఆ ముసలమ్మ తడిసిన కోకతో గట్టు మీద కూర్చుని ఉండటం నాకు కళ్ళకు కట్టింది. వెంటనే కూర్చుని ఒక్క వరుస రాశాను. ‘ఆ రెండు చోట్లతోపాటు మూడో చోట కూడా చూడు’ అని దాని అర్థం. ఇలా పాత సాఫ్ట్‌వేర్‌కు వేసే మాసికను ప్యాచ్ అంటారు. మాసిక వేయడం చిటికెలో పని. వేయనివ్వడం మాత్రం ఒక సంఘం చేతిలో ఉంది.

దాని పేరు ప్యాచ్‌ల పరిశీలన మరియు సంస్కరణ సంఘం. అధ్యక్షులు జాయింట్ డైరెక్టర్ పరంజ్యోతిగారు. వెతుకుడును యవ్వనంలో స్వహస్తాలతో రాసింది ఆయనే. అందుకిచ్చిన వెండి పతకం ఆయన గదిలో గోడకు వేలాడుతూ ఉంటుంది. కార్యదర్శి భీమశంకరంగారు. సంస్థ నిబంధనలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నది ఏ దిక్కున ఉందో మాత్రం అడగకూడదు.

మొదటి సమావేశంలో నా వరుస చివర ఒక అనవసరమైన ఖాళీ ఉందని భీమశంకరంగారు పట్టుకున్నారు. దాన్ని తీసేసి పంపాను. రెండో సమావేశంలో ప్యాచ్‌కు జతచేసిన వివరణ దగ్గర ఆగారు.

“ ‘చూడు’ అని రాశారు. జాయింట్ డైరెక్టర్ గారి చేతిమీదుగా వెలువడిన మాడ్యూల్‌ను ఏకవచనంలో ఆదేశించడం సంస్థ మర్యాదకు అనుగుణంగా లేదు” అన్నారు.

‘చూడవలసిందిగా మనవి’ అని మార్చాను. మూడో సమావేశంలో గానీ అసలు విషయం బల్ల మీదికి రాలేదు. పరంజ్యోతిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“ఫణీంద్రగారూ, ఈ ప్యాచ్ ద్వారా తమరు సూచిస్తున్నదేమిటి? ఇన్నేళ్ళూ రెండు చోట్ల వెతకడం పొరపాటనా?”

“అయ్యో, కాదండీ. వస్తువు మూడో చోట ఉంది. అక్కడ కూడా ఒకసారి చూస్తే దొరుకుతుంది.”

“వస్తువు ఎక్కడ ఉంటే అక్కడ వెతకడం ఎవరైనా చేస్తారు. దానికి ఒక సంస్థ, ఒక మేడ, ఇంతమంది సిబ్బంది దేనికి? వస్తువు ఎక్కడ ఉండాలో అక్కడ వెతకడం, అదీ పరిపాలన.”

భీమశంకరంగారు ఆ వాక్యాన్ని తు.చ. తప్పకుండా రాసుకున్నారు. రాసుకుంటూనే అందుకున్నారు. “ఇవాళ మూడో చోటంటారు, రేపు నాలుగో చోటంటారు. ఇలా వెతుక్కుంటూ పోతే చివరికి లేని వస్తువంటూ ఏదీ మిగలదు.”

“మిగలకపోతే మంచిదే కదండీ?”

“లేని వస్తువులే లేకపోతే కొనుగోళ్ళ విభాగం ఏం చేయాలి స్వామీ?” అన్నారాయన.

ఏకగ్రీవంగా తీర్మానమైంది. వెతికే చోటు మారదు. వస్తువే వెతికే చోటికి రావలెను.

పెట్టెకు సీలుంది కనుక అందులోని సాఫ్ట్‌వేర్‌ను కదపడానికి లేదు. కాబట్టి అది సరైన చోట ఉన్న యంత్రం ఎక్కడుందా అని చూశారు. పరంజ్యోతిగారి సొంత కంప్యూటర్‌లోనే ఉంది. పొద్దున్నే భక్తిగీతాలు వినడానికి ఆయన పెట్టించుకున్నారు. అక్కడ వెతుకుడును నడిపితే చూడగానే ‘దొరికింది’ అంది. సంఘం చప్పట్లు కొట్టింది. ఇక సైరన్ ఆ కంప్యూటర్ నుంచే మోగాలి. మోగాలంటే కూత బయటికొచ్చే గొట్టాన్ని, అంటే సైరన్ కొమ్మును, దానికి తీగతో కలపాలి. తీగ చిత్రేటి దాకా అందదు. అందువల్ల బ్యారేజీ స్తంభం మీది కొమ్మును విప్పి, లారీలో వేసి, రాజధానికి తెచ్చి మా మేడ మీద బిగించారు.

ఆ వారంలోనే గేట్లెత్తారు. సైరన్ బ్రహ్మాండంగా మోగింది. కిటికీ అద్దాలు అదిరాయి. పావురాలు లేచిపోయాయి. నాలుగంతస్తుల జనమూ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ కిందికి పరిగెత్తాం. భీమశంకరంగారి చెప్పొకటి రెండో అంతస్తులో ఉండిపోయింది. వరద సైరన్ విని మేడ దిగి పల్లానికి వచ్చిన జనం బహుశా మేమొక్కళ్ళమే అయి ఉంటాం. ‘హెచ్చరిక నూటికి నూరుపాళ్ళు శ్రోతలకు చేరినది’ అని సాయంత్రానికల్లా నివేదిక తయారైంది.

నా ఫోను మోగింది.

“గుడిసె కొట్టకపోయింది బాబూ. మంచం, సట్లు, అన్నీ పోయినయ్. అత్తని గేదె మీద కూకోబెట్టి ఈడ్చుకొచ్చా. కూత పెట్టలేదేందయ్యా? గొంతు పడిపోయిందా మీ సైరన్‌కి?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “మోగిందమ్మా” అన్నాను.

“యాడ మోగింది?”

“మా ఆఫీసు మేడ మీద.”

ఆమె నిజంగా ఆందోళనపడుతూ అడిగింది. “ఏం బాబూ, మీ మేడ మీదికి గూడా నీళ్ళొచ్చినయ్యా?”

నాకు సిగ్గేసింది. ఆవిడ ఎగతాళి చేసి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. నేను కుశలంగానే ఉన్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

దిగువ ప్రజలకు సైరన్ వినబడటం లేదని ఫిర్యాదు రాసి సంఘం ముందు పెట్టాను. భీమశంకరంగారు దాన్ని రెండుసార్లు చదివారు.

“ఫిర్యాదులో స్పష్టత లేదు. సైరన్ ఉన్నచోట శ్రోతలు లేరా, శ్రోతలు ఉన్నచోట సైరన్ లేదా?”

“రెండూ ఒకటే కదండీ.”

“ఒకటి కాదు. మొదటిది శ్రోతల లోపం. రెండోది సంస్థ లోపం. సంస్థలో లోపం లేదని కిందటి నివేదికలో వచ్చేసింది.”

శ్రోతల కోసం కూడా వెతుకుడును వాడాలని నిర్ణయించారు. మా ఆఫీసు గేటు దగ్గరా మేడ మీదా ఉన్న కెమెరాలకు దాన్ని తగిలించి, నది ప్రజలు ఆ రెండు చోట్ల ఎక్కడైనా ఉన్నారేమో చూడమన్నారు. ‘లేరు’ అంది. నేను మూడో చోటని నోరు తెరవబోయేసరికి పరంజ్యోతిగారు చెయ్యెత్తి ఆపారు. సూత్రం పాతదే. వెతికే చోటు మారదు, మనుషులే వెతికే చోటికి రావలెను. ‘సైరన్ వినదలచిన దిగువ ప్రాంత ప్రజలు ప్రధాన కార్యాలయ ఆవరణలో అందుబాటులో ఉండవలెను’ అని ఉత్తర్వు వెలువడింది. చిత్రేటికి బస్సులు వెళ్ళాయి.

అంకమ్మను నేను మొదటిసారి చూసింది మా గేటు పక్కనున్న కార్ల షెడ్డులో. ఎండకు మాడిన ముఖం, ముడేసిన జుట్టు, పక్కన గోనెపట్టా మీద అత్త. ఆ అత్త పక్కన గేదె. అది కూడా ఏటిలోనే మేస్తుంది కాబట్టి శ్రోతల కిందే జమకట్టి తోలుకొచ్చారు. మేడ మీద సైరన్ మోగింది. వెతుకుడు ‘దొరికారు’ అంది. పరంజ్యోతిగారు కిటికీలోంచి చూసి తృప్తిగా తలాడించారు.

“సైరన్ బాబువి నువ్వేనా?” అంది అంకమ్మ. “మమ్మల్ని ఎందుకు బాబూ ఎతికిచ్చారు? మేమేం తప్పిపోలేదే!”

“మీకు సైరన్ వినిపించాలని...”

“ఇనపడింది. చెవులు గింగురుమన్నయ్. ఇంక పోనిత్తారా? వరదకి ఇంత పాయె, అంత మిగిలింది. ఆ మిగిలిన పాదులకి నీళ్ళు పోసేవోళ్ళు లేరు. శ్రీరామనవమికి కోతకి రావాల. నీళ్ళొచ్చి పోయినా ఒకటే, నీళ్ళు లేక పోయినా ఒకటే. మా కడుపే గదా కాలేది.”

గోనెపట్టా మీది ముసలమ్మ నా వంక చూసి, “పిల్లోడేం జేత్తాడే, పోనియ్” అంది. ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. మా సంఘం మీద, మా మేడ మీద, దాన్నెక్కి రోజూ పనిచేస్తున్న నా మీద కూడా. ఒక్క వరుస కోసం కాళ్ళు లేని మనిషిని షెడ్డులో పడుకోబెట్టాం.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ చారుమతిగారికి ఒక ఉత్సాహం పుట్టుకొచ్చింది. నది ప్రజలనే కనిపెట్టిన మాడ్యూల్ సిబ్బందిని కనిపెట్టలేదా అన్నారు. మర్నాటినుంచి హాజరు కూడా వెతుకుడే తీసుకోవాలి. ఆ పని నాకే అప్పగించారు. వెతుకుడు కెమెరాల్లో రెండు చోట్ల చూసేలా రాశాను. ఒకటి ఎవరి కుర్చీ వారిది. రెండోది సమావేశ మందిరం.

“మూడో చోటు ఏదైనా చేర్చమంటారా అండీ?” అని పరంజ్యోతిగారిని వినయంగానే అడిగాను.

“ఆ మాట నా ముందు మళ్ళీ ఎత్తకండి” అన్నారాయన.

పరంజ్యోతిగారు పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటారు. మా క్యాంటీన్ పెసరట్టు ఉప్మా పేరుమోసినది. ఆయన ఫైళ్ళన్నీ అక్కడే సంతకమవుతాయి, అందుకే వాటికి అల్లం వాసన. భీమశంకరంగారిది ఎదురు కుర్చీ. మర్నాడు వెతుకుడు వాళ్ళ గదుల్లో చూసింది, సమావేశ మందిరంలో చూసింది. ఇద్దరూ ‘లేరు’ అంది.

దొరకనిది లేనట్టే అన్న మా పనివిధానం ఉండనే ఉంది. మధ్యాహ్నానికల్లా రెండు పోస్టులూ ఖాళీ అయినట్టు ప్రకటన వచ్చింది. తలుపుల మీది పేరు బిళ్ళలు ఊడదీశారు. వెండి పతకాన్ని యజమాని లేని వస్తువుల గదికి పంపారు. పరంజ్యోతిగారు డైరెక్టర్ గదికి పరిగెత్తారు. నేను వెనకే వెళ్ళి చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. తలుపు దగ్గర అటెండర్ అడ్డం నిలబడ్డాడు.

“సార్ లేరని తెర మీద వస్తా ఉంది సార్.”

“సార్ అంటే నేనేనయ్యా! నీ ఎదురుగా నిలబడి ఉన్నాను!”

“నిజమే సార్, నాకు కనపడతానే ఉన్నారు. కానీ లేనోళ్ళని లోపలికి పంపితే నా ఉద్యోగం పోద్ది సార్.”

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. ఆ వయసు మనిషిని అలా చూస్తే నాకు ఒక్క క్షణం జాలేసింది. షెడ్డులోంచి గేదె అరవడంతో అది పోయింది.

“ఫణీంద్రా, మొన్న ఏదో... మూడో చోటని అన్నావు చూడు...”

“అవునండీ. క్యాంటీన్‌ను చేర్చి ప్యాచ్ రాసే ఉంచాను. కానీ సంఘం పరిశీలించాలి కదండీ. సంఘంలో రెండు పోస్టులూ ఖాళీగా ఉన్నాయి.”

“అత్యవసర అధికారాలున్నాయి నాయనా! పద!”

క్యాంటీన్‌లో అదే బల్ల దగ్గర సంఘం కూర్చుంది. ముందున్న పెసరట్టు చల్లారకుండానే పరిశీలన చివరికొచ్చింది. వరుస చివరి ఖాళీని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కచోట మాత్రం భీమశంకరంగారి వేలు ఆగింది.

“ఇదేమిటి? రెండు వరుసలున్నాయి. ఒకటి క్యాంటీన్. రెండోది చిత్రేటి పెట్టె అంటోందే!”

“మూడో చోటు సూత్రాన్ని ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకోవాలండీ. ఒక్క క్యాంటీన్‌కే ఒప్పుకున్నామనుకోండి, ఎందుకని రేపు ఆడిట్‌వారు అడుగుతారు” అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పరంజ్యోతిగారు కలం అందుకున్నారు.

“ఆలోచిస్తే వస్తువు ఉన్నచోటనే వెతకడంలో ఒక మానవీయ కోణం ఉంది” అంటూ సంతకం చేశారు.

సాయంత్రానికి ఆ ఇద్దరూ దొరికారు. అంతకు ముందే చిత్రేటి గట్టు మీది సీలు పెట్టెలో వెతుకుడు మూడో చోట చూసి ‘దొరికింది’ అంది. ఇక కొమ్ము సంగతి. క్యాంటీన్ ఇప్పుడు విధులు నిర్వర్తించే స్థలం కాబట్టి, దాని నెత్తిన సైరన్ మోగడం విధులకు ఆటంకమని భీమశంకరంగారే రాశారు. కొమ్మును లారీ ఎక్కించారు. బస్సులు మళ్ళీ మంజూరు కావాలంటే ఇంకో ఫైలు నడవాలి గనక, అదే లారీలో అంకమ్మవాళ్ళను, గేదెను కూడా ఎక్కించాను. ముసలమ్మను నేనూ డ్రైవరూ కలిసి పైకి చేరవేశాం.

మళ్ళీ గేట్లెత్తిన రోజు నేను ఫోను పక్కనే కూర్చున్నాను. అది మోగగానే ఎత్తాను. మొదట అంకమ్మ మాట వినబడలేదు. ఆమె వెనక సైరన్ గొంతు చించుకుంటోంది.

“ఇంటన్నావా బాబూ? కూసింది! అత్తతో సహా అందరం గట్టు మీదున్నాం. నీళ్ళు ఇప్పుడొత్తన్నయ్, తీరిగ్గా!”

వింటున్నానన్నాను. బతికిన పాదులు సగమేనట. ఆ సగం కాయా నవమికి కోతకొచ్చింది. ఒక కాయ నాకు బస్సు డ్రైవరుతో పంపింది.

దాన్ని బల్ల మీద పెట్టి కోస్తుంటే భీమశంకరంగారు ఒక ఫైలుతో వచ్చారు. శ్రోతల కోసం పెట్టిన వెతుకుడు ఇంకా మా గేటు దగ్గరా మేడ మీదా చూస్తూనే ఉంది.

“చిత్రేటి దిగువన ప్రజలెవరూ లేరని నివేదిక వస్తోంది” అన్నారు. “దీనికి కూడా మూడో చోటు చేర్చి ప్యాచ్ పంపుతారా? సంఘం ఇప్పుడు చాలా సుముఖంగా ఉంది.”

“పంపితే వాళ్ళు దొరుకుతారండీ. దొరికాక ఏం చేస్తారు?”

“ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది కదా! బస్సుల ఫైలు కూడా నిన్ననే కదిలింది.”

నేను కాసేపు ఆలోచించినట్టు నటించాను.

“ప్యాచ్ అవసరం లేదండీ. మాడ్యూల్ సరిగ్గానే చెబుతోంది. అక్కడ ఎవరూ లేరు.”

ఆయన ఫైలు మీద అలాగే రాసుకుని, నేనిచ్చిన ముక్క అందుకుని కొరికారు. రసం మోచేతిదాకా కారింది.

“తేనె సుమండీ! ఎక్కడి కాయ ఇది?”

“ఎవరూ లేనిచోటుదండీ” అని ఇంకో ముక్క కోసి ఇచ్చాను.